నాజిల్ కింది చెయ్యి

భూపాలపల్లి నుంచి పరకాల పోయే రోడ్డు పక్కన, బొగ్గు లారీలు వరసగా నిలబడే చోట, ఒక రేకుల షెడ్డు ఉంది. దాని మీది బోర్డు మసిబారి ఎన్నేళ్ళయిందో. పాత లారీలు నడిపే డ్రైవర్లకు బోర్డుతో పని లేదు. బండి నల్ల పొగ కక్కినా, ఎత్తు ఎక్కలేక మూలిగినా, దేవ్యాతోని చెయ్యి పెట్టించుకో అని ఒకరికొకరు చెప్పుకునేవారు. దేవ్యా చెయ్యి పెట్టి చూశాడంటే ఆ నాజిల్ గురించి ఇక మాట ఉండేది కాదు. ఆ చేతి మీదికి డీజిల్ చిమ్మేట్టు పిడి కొట్టేది మాత్రం ఆయన భార్య జమ్లీ. ఆ సంగతి చూసినవాళ్ళు చాలామంది ఉన్నారు గాని, గుర్తు పెట్టుకున్నవాళ్ళు తక్కువ.

జమ్లీ పుట్టింది దంతాలపల్లి దగ్గరి తండాలో. పెళ్ళయిన కొత్తలో దేవ్యా జనగామలో ఒక డీజిల్ పంపుల షాపులో పని నేర్చుకుంటుంటే, ఆమె అదే ఊళ్ళో ఇళ్ళు కట్టేచోట ఇటుకలు మోసింది. సొంతంగా షాపు పెట్టుకుందామని ఇద్దరూ భూపాలపల్లి వచ్చారు. పిడి కొట్టడానికి పెట్టుకున్న మనిషి కొన్నాళ్ళకే గనిలో కాంట్రాక్టు పని దొరికిందని వెళ్ళిపోయాడు. ఆ రోజు షెడ్డు ముందు లారీ ఆగి ఉంది. డ్రైవర్ తొందరపెడుతున్నాడు. జమ్లీ చేతిలోని అన్నం గిన్నె పక్కన పెట్టి, కొంగు నడుముకు చుట్టి, పిడి పట్టుకుంది. పట్టుకున్నది మళ్ళీ వదల్లేదు. ఏళ్ళు గడిచేసరికి కుడి భుజం ఎడమ భుజం కంటే లావెక్కింది. జాకెట్లు కుట్టే ఆమె కొలతలు తీసేటప్పుడు ప్రతిసారీ నవ్వేది.

నాజిల్ బొటనవేలంత ఇనుప ముక్క. దాని కొనన కంటికి ఆనీ ఆనని రంధ్రాలుంటాయి. పంపు నుంచి వచ్చిన డీజిల్ వాటిలోంచి పొగమంచులా ఇంజన్‌లోకి చిమ్మాలి. మంచులా కాకుండా చుక్కలు చుక్కలుగా కారితే బండికి బలం ఉండదు, పొగ మాత్రం కావలసినంత వస్తుంది. అందుకని నాజిళ్ళను ఊడదీసి కడిగి, టెస్టర్ అనే చేతిపంపుకు ఒక్కొక్కటే బిగించి పిడి కొట్టి చూస్తారు. కొత్త లారీలకైతే కంప్యూటర్ పెట్టే షాపులు వచ్చాయి. పాతవాటికి ఇంకా పిడే దిక్కు.

పిడి కొట్టడం బలం పని అనుకుంటారు చూసేవాళ్ళు. మొదట మెల్లగా నొక్కాలి, మీటరులో ముల్లు పైకి పాకేదాకా. ఆ తర్వాత ఒక్క పట్టున, సగంలో ఆగకుండా కొట్టాలి. మంచి నాజిల్ అయితే అప్పుడు పిట్ట కూసినట్టు కూస్తుంది. చెడ్డదైతే మూగగా కారుతుంది. జమ్లీకి ఆ కూత చెవి కంటే ముందు మణికట్టుకే తెలిసేది.

అన్నిచోట్లా నాజిల్ కింద కాగితమో పాత గుడ్డో పెట్టి, తడి ఎట్లా పరుచుకుందో చూస్తారు. జనగామ షాపులో దేవ్యాకు పని నేర్పిన ఉస్తాద్ శిష్యులది మాత్రం వేరే పద్ధతి. కాగితానికి బదులు అరచెయ్యి పెడతారు. కాగితం అబద్ధం చెప్తుందని ఉస్తాద్ నమ్మకం. చల్లటి మంచు అరచేతి మీద సమంగా పడితే మంచిది, ఒకచోట గుచ్చినట్టుంటే ఒక రంధ్రం పూడింది, చివర్న ఒక చుక్క వెచ్చగా తగిలితే నాజిల్ లోపలి సూది సరిగ్గా కూర్చోలేదు. ఉస్తాద్ జానెడు దూరం పెట్టమనేవాడు. శిష్యులు సొంత షాపులు పెట్టుకున్నాక ఆ జానెడు బెత్తెడయింది. బెత్తెడు మూడు వేళ్ళయింది. చెయ్యి ఎంత దగ్గర పెడితే అంత పనిమంతుడని డ్రైవర్లు అనుకున్నారు. అనుకోగా అనుకోగా మేస్త్రీలూ అదే అనుకున్నారు.

దేవ్యా షాపుకు ఎదురుగా, రోడ్డుకు అవతల, రాంచందర్ షాపు. ఆయనా జనగామ ఉస్తాద్ శిష్యుడే. ఇద్దరూ ఒకే గదిలో ఉండి పని నేర్చుకున్నారు, ఇప్పుడు ఒకరి గిరాకీ మీద ఇంకొకరికి కన్ను. దేవ్యా మూడు వేళ్ళ దూరంలో చెయ్యి పెడుతున్నాడని ఎవరైనా అంటే రాంచందర్ తాను రెండు వేళ్ళ దూరంలో పెట్టేవాడు.

షాపులో ఉన్నంతసేపు దేవ్యా, జమ్లీ తెలుగులోనే మాట్లాడుకునేవారు. తండా భాషలో మాట్లాడితే తమను గురించే ఏదో అనుకుంటున్నారని డ్రైవర్లు చిన్నబుచ్చుకుంటారు. షెడ్డు రేకు దించి, వెనక గదిలోకి అడుగు పెట్టాక మాత్రం తెలుగు బయటే ఉండిపోయేది. డ్రైవర్లు ఊరికే ఉండేవారు కాదు. "ఏం మేస్త్రీ, ఇంట్ల గూడ పిడి అక్క చేతులనే ఉంటదా?" అని ఒకడు గెలికితే, "ఆమె కొడ్తది, నేను కూస్త" అనేవాడు దేవ్యా. జమ్లీ మీటరు మీంచి చూపు తిప్పకుండానే నవ్వేది.

ఆ వేసవిలో యాసంగి వడ్లు కోసి కొనుగోలు సెంటర్లలో పోశారు. లారీలు దొరకలేదు. మబ్బులు మాత్రం రోజూ పొద్దుగూకే వేళకు వచ్చి చూసి పోతున్నాయి. మూలకు పడ్డ పాత బండ్లన్నీ మళ్ళీ రోడ్డెక్కాయి. అట్లా ఎక్కిన వాటిలో భూపాల్ లారీ ఒకటి. భూపాల్‌ది చిల్పూర్. ఇంట్లో పొలం ఉంది, అన్నదమ్ములు రాజకీయాల్లో తిరుగుతారు, ఆయనకు మాత్రం లారీ మీదే ప్రాణం. ఒక పొద్దున ఆ లారీ దగ్గుతూ, వెనకంతా చీకటి చేసుకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆగింది. క్యాబిన్‌లోంచి భూపాల్‌తో పాటు ఒక ముసలమ్మ దిగింది. బండి ఆగగానే తాళంచెవి తీసుకుని ఆమె కొంగున ముడేసుకుంది.

ఆమె పేరు భాగ్యమ్మ. ఇక్కడికి దగ్గరి ఊళ్ళో సెంటర్ దగ్గర వడ్లు పోసుకుని, రాత్రీ పగలూ కుప్ప దగ్గరే పడుకుంటోంది. దొరక్క దొరక్క దొరికిన లారీ బాగు చేయించుకొస్తానని చెప్పి వేరే ఊరి సెంటర్‌కు పోతుందేమోనని, ఊరివాళ్ళు ఆమెను క్యాబిన్‌లో కూర్చోబెట్టి పంపారు.

"చూసినవా మేస్త్రీ, నా బండికి కొత్త ఓనరొచ్చింది" అన్నాడు భూపాల్.

"ఓనర్నే కొడుకా. వడ్లు ఎక్కినంక నీ తాళం నీకిస్త, నీ బండి నువ్వు ముద్దువెట్టుకో" అంది భాగ్యమ్మ. జమ్లీ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, టైరు నీడన కూర్చుని ఆకాశం చూడటం మొదలుపెట్టింది.

దేవ్యా ఆరు నాజిళ్ళూ ఊడదీశాడు. జమ్లీ వాటిని డీజిల్‌లో నానేసి, ఇత్తడి బ్రష్షుతో మసి రుద్దింది. మొదటి అయిదూ ఎట్లాగో దారికి వచ్చాయి. ఒకదానికి సూది మార్చారు, ఇంకొకదానికి లోపల పలచటి బిళ్ళ వేసి స్ప్రింగు బిగువు సరిచేశారు. ఆరోది మొండికేసింది. జమ్లీ నొక్కింది. మీటరు ముల్లు పైకి పోయి అక్కడే నిలబడింది. నాజిల్ కొనన చిన్న చెమ్మ కూడా రాలేదు. ఇంకోసారి నొక్కింది, అంతే.

దేవ్యా ముఖం దగ్గరికి తెచ్చి చూశాడు. కొన మీద గట్టిపడ్డ మసి పొక్కు ఒకటి మిగిలి ఉంది. దాన్ని గోటితో గీకి, అక్కడేమన్నా తడి తగులుతుందేమో అని చూపుడువేలు మెత్తటి భాగం కొనకు ఆనించాడు.

"కొట్టు" అన్నాడు.

ఆమె కొట్టింది. రాలేదు.

"అన్నం తినలేదా పొద్దుగాల? గట్టిగ కొట్టు."

టైరు దగ్గర భాగ్యమ్మ లేచి నిలబడి, పడమటి దిక్కున మబ్బు లేస్తోందని భూపాల్‌కు చూపిస్తోంది. జమ్లీ రెండు చేతులూ పిడి మీద వేసి, ఒళ్ళు బరువంతా మోపి కొట్టింది. అప్పుడు కూసింది నాజిల్. పిట్టలా కాదు, పురుగు కీచుమన్నట్టు ఒక్క సన్నటి చప్పుడు. దేవ్యా వేలు వెనక్కి లాక్కుని విదిలించాడు.

ఆమె పిడి వదిలేసి దగ్గరికి పోయింది. వేలు చివర, మొదటి గీత దగ్గర, సూదితో పొడిచినట్టు ఒక చుక్క. రక్తం కూడా సరిగ్గా రాలేదు. నొప్పి ఉందా అంటే లేదన్నాడు. ముల్లు గుచ్చినట్టయింది, అంతే అన్నాడు. వేలు ప్యాంటుకు తుడుచుకుని, నోట్లో పెట్టుకుని ఒకసారి చప్పరించి ఉమ్మాడు. నాజిల్ తెరుచుకున్నందుకు సంతోషంగానే ఉన్నాడు. మళ్ళీ కొట్టమన్నాడు. ఈసారి చెయ్యి కొంచెం కిందికి పెట్టాడు. మంచులా పడింది.

ఆ క్షణాన దవాఖానకు పోయి ఉంటే ఏమయ్యేదో జమ్లీకి తర్వాత చెప్పారు. అప్పుడు మాత్రం అది ముల్లు. ఎన్ని ముళ్ళు గుచ్చుకోలేదు వాళ్ళకు. చేనులో తుమ్మముల్లు, రోడ్డు మీద ఇనుప ముక్క. దేవ్యా ఆరు నాజిళ్ళూ ఇంజన్‌లో బిగించాడు, పైపుల్లోంచి గాలి తీశాడు, బండి స్టార్ట్ చేయించాడు. పొగ పలచబడింది. స్టార్ట్ చేసేందుకు ఇచ్చిన తాళంచెవి భాగ్యమ్మ భూపాల్ దగ్గరే వదలబోయి, ఇంకా వడ్లు ఎక్కలేదని గుర్తొచ్చి, బండి ఆపించి మళ్ళీ కొంగున ముడేసుకుంది. పోతూ పోతూ దేవ్యా చెయ్యి పట్టుకుని, నీ చెయ్యి సల్లగుండ బిడ్డా అంది. ఆ పట్టుకున్న పట్టుకే ఆయన ముఖం చిట్లించడం జమ్లీ చూసింది.

మధ్యాహ్నం అన్నం కలపలేకపోయాడు. వేలు తెల్లగా పాలిపోయి, రెండు వేళ్ళంత లావయింది. ముట్టుకుంటే స్పర్శ లేదంటాడు, లోపల మాత్రం సుత్తితో కొట్టినట్టుందంటాడు. లోపల ముల్లు విషం చేరింది అనుకుంది జమ్లీ. తండాలో అందరూ చేసేదే చేసింది. సున్నం పసుపు కలిపి పట్టు వేసింది. ఉప్పు వేయించి గుడ్డలో మూటగట్టి, వేలి మీద, అరచేతి మీద కాపడం పెట్టింది. కాపడం పెట్టినకొద్దీ వాపు అరచేతిలోకి దిగింది. ఆయన పళ్ళు బిగబట్టుకుని, ఇంకా వేడిగా పెట్టు, హాయిగుంది అన్నాడు. హాయిగా లేదని ఆమెకు తెలుస్తూనే ఉంది. అయినా వేడి చేసింది.

సాయంత్రం ఆర్ఎంపీ దగ్గరికి పోయారు. ఆయన చుక్కను చూసి, ఇనుము గుచ్చిందంటున్నరు కదా అని ధనుర్వాతం ఇంజక్షన్ ఇచ్చాడు. నొప్పి గోలీలు కూడా ఇచ్చాడు. ఆ రాత్రి ఎట్లా గడిచిందో జమ్లీ ఎవరికీ చెప్పలేదు. తెల్లారి దేవ్యా వేలి కొన నీలంగా ఉంది. రాంచందర్ చూసి, వెంటనే పోయి ఆటో తెచ్చాడు. బస్టాండులో వరంగల్ బస్సు ఎక్కించి, సీటు పక్కన నిలబడి, కిందికి దిగమని కండక్టర్ అరిచేదాకా దిగలేదు.

వరంగల్ పెద్ద దవాఖానలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. అది ముల్లు కాదంది. ఏ మిషన్ దగ్గర, ఎంత దగ్గరగా పెట్టాడు, ఎంతసేపయింది అని ఒక్కొక్కటే అడిగింది. ఎంతసేపయిందో విన్నాక పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీసింది. డీజిల్ చర్మం కిందికి పోయి వేలు పొడుగునా, అరచేతి సందుల్లోకి పాకిందని, లోపల మాంసాన్ని చంపుతోందని, వెంటనే కోసి కడిగితే నిలిచేదని చెప్పింది. కాపడం పెట్టారా అని అడిగింది. జమ్లీ పెట్టాను అంది. డాక్టరమ్మ అది కూడా కాగితం మీద రాసుకుంది. ఆ రాయడం జమ్లీకి తిట్టినదానికంటే ఎక్కువయింది.

ఆ రోజే చెయ్యి కోసి కడిగారు. మర్నాడు మళ్ళీ కడిగారు. భూపాల్ పండ్లు పట్టుకుని వచ్చాడు. వాన పడకముందే భాగ్యమ్మ వడ్లు మిల్లుకు చేరాయని చెప్పాడు. చెప్పకూడనిది చెప్పినట్టు తనకే అనిపించిందేమో, పండ్ల సంచి మంచం కింద పెట్టి, మళ్ళీ తీసి మంచం మీద పెట్టి, వెళ్ళిపోయాడు. దేవ్యా గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

కట్టు విప్పినప్పుడు చూపుడువేలు, దాని పక్క వేలు బొగ్గులా ఉన్నాయి. వాసన వస్తోంది. డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి దేవ్యాతోనే సూటిగా చెప్పింది. రెండు వేళ్ళూ, వాటి కింది అరచేతి ముక్కా తీయాలి. ఈ రోజే తీయాలి. ఆగితే మణికట్టు దాకా పోతుంది, ఆ తర్వాత మోచెయ్యి, ఆ తర్వాత మనిషే దక్కడు. నీకు సమ్మతమేనా అని అడిగింది.

దేవ్యా జ్వరంలో ఉన్నాడు. రెండు రోజుల నుంచి ఆయన నోట తెలుగు రావడం లేదు. నీళ్ళు కావాలన్నా, దుప్పటి కావాలన్నా తమ భాషలోనే అడుగుతున్నాడు. నర్సులు జమ్లీ వైపు చూస్తే ఆమె చెప్పేది. ఇప్పుడూ ఆయన డాక్టరమ్మను చూడలేదు. జమ్లీని చూశాడు. తమ భాషలో, మెల్లగా, తడబడకుండా చెప్పాడు. తీయనియ్యకు అన్నాడు. ఆ చెయ్యి లేకుంటే నేనెవర్ని అన్నాడు. పోతే నాతోటే పోనీ, ముక్కలు చేసి ఇంటికి తీసుకపోకు అన్నాడు.

డాక్టరమ్మ జమ్లీని అడిగింది. "ఏమంటున్నాడమ్మా?"

ఆ గదిలో ఆయన అన్నది తెలిసింది ఆమెకొక్కదానికే. పక్క మంచం వాళ్ళది హుజూరాబాద్. వార్డులో పనిచేసే మనిషి స్ట్రెచర్ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.  

"సరే అంటున్నడు మేడమ్" అంది. "తీయమంటున్నడు."

దేవ్యా విన్నాడు. తెలుగు నోటికి రాకపోయినా చెవికి అందింది. కళ్ళు పెద్దవి చేసి ఆమెనే చూస్తూ, ఆ మాటే మళ్ళీ మళ్ళీ తమ భాషలో అంటున్నాడు. స్ట్రెచర్ మీదికి మారుస్తుంటే మంచం పట్టీ పట్టుకున్నాడు. వార్డు మనిషి ఆ వేళ్ళు విడిపిస్తూ, భయపడుతున్నడు పాపం అన్నాడు. జమ్లీ అవునంది. సంతకం చేయమన్న చోట తన పేరు రాసింది. రెండు అక్షరాల్లో ఒకటి తప్పు రాసి, దిద్దింది.

ఇంటికి వచ్చాక దేవ్యా ఆమెను తిట్టలేదు. కొట్టలేదు. ఆమెతో తమ భాష మాత్రం మానేశాడు. వెనక గదిలో ఇద్దరే ఉన్నప్పుడు కూడా తెలుగులోనే, గిరాకీతో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. అన్నం పెట్టు. గోలీ ఏది. లైటు తియ్యి. కుడి చెయ్యి ఎప్పుడూ తువ్వాల చుట్టుకుని ఉండేవాడు. బొటనవేలూ, చివరి రెండు వేళ్ళూ మిగిలాయి. అవి సరిగ్గా వంగవు. గ్లాసు పట్టుకోబోతే జారేది. జారినప్పుడు ఆమె వంగి తీయబోతే, "ఉండనియ్" అనేవాడు. ఒకసారి మాత్రం, ఆమె కట్టు మారుస్తుంటే, తల తిప్పుకునే అన్నాడు.

"పిడి కొట్టింది నువ్వే. కాపడం పెట్టింది నువ్వే. ఆఖరికి నా నోట్ల మాట గూడ నువ్వే అన్నవ్."

 గట్టిగ కొట్టు అన్నది ఎవరు అని ఆమె అడగొచ్చు. ఇంకా వేడిగా పెట్టు అన్నది ఎవరు అని అడగొచ్చు. కట్టు చివర ముడి వేసి, పాత గుడ్డ తీసుకుని బయటికి పోయింది.

షెడ్డు రేకు ఎన్నాళ్ళని దించి ఉంచుతారు. నాజిళ్ళు కడగడం, బిగించడం, పిడి కొట్టడం ఆమెకు వచ్చు. కింద కాగితం పెట్టి చూడొచ్చు కదా అనుకుని ఒక పొద్దున రేకు ఎత్తింది. దేవ్యా లోపల నులక మంచం మీద కూర్చుని చూస్తూ ఉన్నాడు, ఆపలేదు, రమ్మన్నా రాలేదు. మొదట వచ్చింది మంథని వైపు ఇటుకబట్టీలకు బూడిద తోలే లారీ. డ్రైవర్ కొత్తవాడు కాదు గాని, జరిగింది వినలేదు. జమ్లీ నాజిల్ బిగించి, కింద పాత పేపరు పరిచి, కొట్టింది. తడి గుండ్రంగా, సమంగా పరుచుకుంది. డ్రైవర్ ఆ కాగితం ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిదేంది అక్కా, పకోడీల కాయితం లెక్క. మేస్త్రీని చెయ్యి పెట్టమను."

మేస్త్రీకి పానం బాగలేదని ఆమె చెప్పింది. మరి నువ్వే పెట్టు అన్నాడు అతను. ఏళ్ళ నుంచి చూస్తున్నావు కదా, నీకు మాత్రం తెలియదా అన్నాడు. ఆమె పెట్టను అంది. ఎందుకు పెట్టవంటే, పెట్టొద్దు అంది. చెయ్యి పెట్టి చూడని నాజిల్ వేసుకుని చలివాగు ఎత్తు ఎక్కమంటవా అని అతను గొణిగాడు. గొణిగి, నాజిళ్ళు ఆరూ తట్టలో వేసుకుని రోడ్డు దాటి రాంచందర్ షాపుకు పోయాడు.

జమ్లీ రోడ్డు దాకా వెంట పోయింది. వాళ్ళ చెయ్యి గూడ పెట్టనియ్యకు, కాయితమే పెట్టమను అని అరిచి చెప్పింది. డ్రైవర్ వెనక్కి తిరిగి నవ్వాడు. గిరాకీ పోయిందని కడుపుమంట అనుకున్నాడు. అవతల రాంచందర్ అప్పటికే నాజిల్ బిగిస్తున్నాడు. పిడి కొట్టే పనివాడు స్టూలు జరుపుకుంటున్నాడు. రాంచందర్ అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, అలవాటుగా, కిందికి చాపాడు. దేవ్యాను బస్సు ఎక్కించినవాడే. వేలు నీలంగా ఉండటం తన కళ్ళతో చూసినవాడే. డ్రైవర్ చూస్తున్నాడు కదా.

ఆమె లారీలకు అడ్డం పడి దాటబోతుంటే, పక్క నుంచి ఎవరో ముందుకు పోయారు. దేవ్యా. లుంగీ మీదే, చెప్పులు కూడా లేకుండా. దవాఖాన నుంచి వచ్చాక ఆయన షెడ్డు గడప దాటడం అదే మొదలు. రాంచందర్ షాపులోకి పోయి, టెస్టర్ ముందు నిలబడి, ఎడమ చేత్తో తువ్వాల విప్పడం మొదలుపెట్టాడు. అది ఎక్కడో చిక్కుకుంది. జమ్లీ వెనకాలే చేరి విప్పింది. ఆయన వద్దనలేదు.

ఆయన చెయ్యి తెచ్చి సరిగ్గా నాజిల్ కింద, నూనె మరకల బల్ల మీద పెట్టాడు. కుట్లు వేసిన చోట తోలు ఇంకా ఎర్రగా మెరుస్తోంది. మూడు వేళ్ళు కొక్కేల్లా నిలబడి ఉన్నాయి. పనివాడు పిడి వదిలేశాడు. డ్రైవర్ ఒకసారి చూసి, చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు.

"రాంచందర్, సక్కగ చూడు" అన్నాడు దేవ్యా. "ముల్లంత గుచ్చింది. గంతే."

రాంచందర్ చాపిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకున్నాడు. నీది నేను చూసిన కదన్నా అన్నాడు, లోగొంతుతో.

"చూసినవ్. చూసి గూడ పెట్టవోయినవ్." దేవ్యా ఊపిరి పీల్చుకున్నాడు. "డాక్టర్ తీస్తనంటె నేను ఇయ్యనన్న. మన ఉస్తాద్ ఇచ్చిన చెయ్యి, ఇయ్య అన్న. గది గీమెకొక్కదానికే సమజైంది. గీమె పోయి తీయమంటున్నడని చెప్పింది. గా అబద్దం చెప్పకుంటె, గీ బల్ల మీద పెట్టనీకి నాకు గీ ముక్క గూడ లేకుండె."

ఆయన జమ్లీ వైపు తిరగలేదు. క్షమించానని గాని, లేదని గాని ఆ మాటలో లేదు. ఆమె దాన్ని వెతకలేదు కూడా. తువ్వాల మడత పెడుతూ నిలబడింది. మడత పెట్టడం అయిపోయినా మళ్ళీ విప్పి మడత పెడుతోంది.

డ్రైవర్ నాజిళ్ళ తట్ట ముందుకు జరిపాడు. అతనికీ బండి ఉంది, బూడిద తోలాలి. మరి నా నాజిళ్ళ సంగతేంది అన్నాడు. రాంచందర్ ఇటూ అటూ వెతికి, టీ కొట్టు నుంచి వచ్చిన పేపరు ముక్క ఒకటి దొరకబుచ్చుకుని నాజిల్ కింద పట్టుకున్నాడు. పనివాడు పిడి నొక్కాడు. మీటరులో ముల్లు పైకి పాకింది. ఏళ్ళ అలవాటు, తడి ఎట్లా పడుతుందో తెలుసుకోవాలన్న ఆత్రం, కాగితం పట్టుకున్న రాంచందర్ అరచెయ్యి తనకు తెలియకుండానే కాగితాన్ని కిందనుంచి ఎత్తుకుంటూ నాజిల్ కొన వైపు పోతోంది.

జమ్లీ పరాయి మగవాడి మణికట్టు ఎన్నడూ ముట్టుకోలేదు. పిడి పట్టుకున్నట్టు పట్టుకుని, ఒక్క పట్టున వెనక్కి గుంజింది.